ఈ తలుపు ఏ కారుది?

(హైదరాబాద్‌లో పాత కార్ల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సభ మొదలయ్యే ముందు కాఫీ దగ్గర ఒకాయన నన్ను పక్కకు పిలిచి ఫోనులో ఒక ఫొటో చూపించారు. ఆయన దగ్గర 1951 డాడ్జ్ కింగ్స్‌వే ఉంది. ఎడమవైపు వెనక తలుపు కింది అంచు తుప్పు పట్టి పిండిలా రాలిపోతోంది. అమెరికాలో ఎవరో 1951 డాడ్జ్ కారొనెట్ తలుపు అమ్మకానికి పెట్టారు. "అదీ డాడ్జే, ఇదీ డాడ్జే. సంవత్సరం కూడా ఒకటే. కొనేయమంటారా?" అని అడిగారు. ఇప్పుడే డబ్బు పంపకండి, నా ప్రసంగం అయ్యేదాకా ఆగండి అన్నాను. ఆయన మూడో వరుసలో కూర్చున్నారు. ఫోను మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. (నవ్వులు)

నా గురించి ఎక్కువ చెప్పను. ముప్పై ఏళ్లకు పైగా డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల రేకులు నొక్కే అచ్చుల పని చేశాను. పగలు కొత్త కార్లకు అచ్చులు, శనాదివారాలు నా గరాజులో పాత కార్లు. కాబట్టి ఈ విషయాన్ని కొనేవాడి వైపు నుంచి కాక, రేకు నొక్కేవాడి వైపు నుంచి చెబుతాను. ఇంకో మాట. మనం బానెట్ అనేదాన్ని వాళ్లు హుడ్ అంటారు, మన డిక్కీ వాళ్లకు ట్రంకు, మన మడ్‌గార్డు వాళ్లకు ఫెండరు. ఈ సాయంత్రం మన మాటలే వాడతాను. వాళ్ల మాటలు వాళ్లతో బేరమాడేటప్పుడు పనికొస్తాయి.

నాకీ పిచ్చి డెట్రాయిట్‌లో పట్టలేదు, తెనాలిలో పట్టింది. మా మేనమామకు ఒక డాడ్జ్ కింగ్స్‌వే ఉండేది. ఒకసారి ఎద్దులబండి కాడి తగిలి ముందు తలుపు లోపలికి పోయింది. టింకరింగ్ మేస్త్రి దాన్ని కొట్టి సరిచేస్తాడనుకున్నాం. ఆయన రెండు రోజుల తరువాత రిక్షాలో వేరే తలుపు తెచ్చాడు. అది డిసోటో డిప్లొమాట్‌ది. పాత బోల్టులు విప్పి, కొత్త తలుపు నిలబెట్టి, బోల్టులు బిగించి మూశాడు. టప్పుమని పడింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "బాబూ, డాడ్జి, ప్లిమత్, డిసోటో, ముగ్గురూ ఒక తల్లి బిడ్డలే. ముక్కుపుడకలే వేరు" అన్నాడు. ఆ తరువాత నేను చదివిన ఇంజనీరింగు పుస్తకాలు ఈ మాటకు పెద్దగా కలిపిందేమీ లేదు.

మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లాలో 1947 నుంచి క్రైస్లర్ సంస్థ కార్లను విడిభాగాలుగా తెప్పించి బిగించేది. ఒకే ప్లిమత్ శరీరానికి ఒక గ్రిల్లు, అంటే మూతి మీది జాలీ, పెడితే డాడ్జ్ కింగ్స్‌వే, మరో గ్రిల్లు పెడితే డిసోటో డిప్లొమాట్. ఇది మన దేశం కోసం పుట్టిన ఏర్పాటు కాదు. క్రైస్లర్ చాలా విదేశీ మార్కెట్లలో ఇదే చేసింది. కెనడాలో ప్లిమత్ శరీరంతో అమ్మిన డాడ్జ్‌లను కారు పిచ్చివాళ్లు ఇప్పటికీ 'ప్లాడ్జ్' అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మూడో వరుసకు చివర్లో పనికొస్తుంది.

అసలు కంపెనీలు ఒక కారు తలుపును ఇంకో కారుకు ఎందుకు పెట్టాయి? డబ్బు కోసమని అందరికీ తెలుసు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో తెలిస్తే, ఏ భాగం ఏ కారుకు సరిపోతుందో సగం వరకు పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు.

తలుపు చూడండి. బయటినుంచి ఒక్క రేకులా కనిపిస్తుంది కానీ దానికి లోపలి రేకు వేరు, బయటి రేకు వేరు. బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి చుట్టూ మడుస్తారు, కజ్జికాయ అంచు మడిచినట్టు. ఆ మడతలో నీరు నిలుస్తుంది. అందుకే మీ తలుపులన్నీ కింది అంచు దగ్గరే పోతాయి. ఇక ఒక్కో రేకు ఒక్క దెబ్బతో తయారు కాదు. మొదటి అచ్చు రేకును లాగి ఆకారం ఇస్తుంది. తరువాతిది అంచులు కోస్తుంది. ఇంకొకటి చిల్లులు పొడుస్తుంది. మరొకటి అంచు వంచుతుంది. ఇలా ఒక తలుపుకు ఒక వరుస అచ్చులు, ఎడమకు ఒక వరుస, కుడికి ఒక వరుస. నాలుగు తలుపుల కారైతే లెక్క మీరే వేసుకోండి. ఒక్కో అచ్చు టన్నుల బరువున్న ఇనుము. దాన్ని చెక్కి, నునుపు చేసి, రేకు చిరగకుండా ముడత పడకుండా వచ్చేదాకా సవరించడానికి నెలలు పట్టేది. నా జీవితంలో ఎక్కువ భాగం ఆ ముడతల మీదే పోయింది.

కాబట్టి కంపెనీ ఏం చేస్తుంది? అచ్చు ఖరీదు ఎక్కువై, కొనేవాడి చూపు తక్కువగా పడే భాగాలను పంచుకుంటుంది. టాపు, ముందు అద్దం, డ్యాష్‌బోర్డు ముందుండే కౌల్, నేల రేకు, తలుపు లోపలి రేకు, అద్దం ఎక్కించి దింపే యంత్రం. ముందుగా కంటికి తగిలేవాటిని మారుస్తుంది. గ్రిల్లు, బంపరు, ముందు మడ్‌గార్డులు, వెనక దీపాలు. తలుపు బయటి రేకు ఈ రెంటి మధ్య ఊగుతూ ఉంటుంది. ఒక్కోసారి పంచుకుంటారు, ఒక్కోసారి పంచుకోరు. తలనొప్పులన్నీ అక్కడే.

మన ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దాయాదులు అనుకోం, గోత్రం అడుగుతాం. కార్లలోనూ అంతే. షెవర్లే, పాంటియాక్, బ్యూక్ అన్నవి ఇంటిపేర్లు. జనరల్ మోటార్స్‌లో గోత్రం అక్షరాల్లో ఉండేది: ఏ బాడీ, బి బాడీ, సి బాడీ, తరువాత ఎఫ్, ఎక్స్ వగైరా. ఈ శరీరాలను తయారు చేసింది ఫిషర్ బాడీ. 1908లో డెట్రాయిట్‌లో ఫిషర్ సోదరులు పెట్టిన సంస్థ అది. జనరల్ మోటార్స్ 1919లో అందులో పెద్ద వాటా కొని, 1926లో మొత్తం కలిపేసుకుంది. బానెట్ ఎత్తితే ఇంజను వెనక గోడ మీద ఫిషర్ వాళ్ల చిన్న రేకు ముక్క కనిపిస్తుంది. దాన్ని చాలామంది ఇంజను నంబరు చూసినంత శ్రద్ధగా చూడరు. నేను ముందు చూసేది అదే.

1957 షెవర్లే బెల్‌ఎయిర్ రెండు తలుపుల హార్డ్‌టాప్ మీద 57-1037డి అని ఉంటుంది. ఆ చివరి 37 అంటే మధ్య స్తంభం లేని రెండు తలుపుల కారు. 67 అంటే టాపు మడిచే కన్వర్టిబుల్. పదేళ్ల తరువాత, 1967 షెవర్లే కమారో నంబరు 12437, దాని కవల అయిన పాంటియాక్ ఫైర్‌బర్డ్ నంబరు 22337. మొదట్లో ఇంటిపేరు మారింది, చివర 37 మాత్రం కదల్లేదు. రెండింటికీ టాపు ఒకటే, అద్దాలు ఒకటే. మూతి, తోక మాత్రమే ఎవరివి వాళ్లవి.

ఆ అంకెను ఎందుకు ఇంత పట్టుకుని వేలాడుతున్నానంటే, ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం, ఒకే మోడల్ పేరు ఉన్నా శరీర రకం మారితే తలుపు మారిపోతుంది. 1955 నుంచి 1957 దాకా షెవర్లే మూడేళ్లూ మూతి మార్చింది కానీ లోపలి పెట్టె అదే. రెండు తలుపుల సెడాన్ తలుపు ఒక ఏడాది కారు నుంచి మరో ఏడాది కారుకు ఎక్కుతుంది. అదే సెడాన్ తలుపును అదే ఏడాది హార్డ్‌టాప్‌కు పెట్టబోతే కుదరదు. సెడాన్ తలుపుకు అద్దం చుట్టూ చట్రం ఉంటుంది, హార్డ్‌టాప్‌కు ఉండదు. రెండేళ్ల దూరంలో ఉన్నవాడు సోదరుడు, పక్క గదిలో ఉన్నవాడు పరాయివాడు.

ఆ కాలపు నోమాడ్ అనే రెండు తలుపుల స్టేషన్ వాగన్ కథ ఇంకా విచిత్రం. దాని తలుపు, టాపు మామూలు షెవర్లేవి కావు. చుట్టాలు కావాలంటే పాంటియాక్ సఫారీ దగ్గరికి పోవాలి. షెవర్లే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 115 అంగుళాలు, సఫారీది 122. ఏడు అంగుళాల తేడా ఉన్నా టాపు ఒకటే ఎలా అయిందని మీరు అడగాలి. అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. (నవ్వులు) పొడవు పెంచాలంటే పెట్టెను పెంచడం ఖరీదు. పెట్టెకు ముందో వెనకో పెంచడం చవక. అందుకే పొడవైన కారు కనిపిస్తే అది మధ్యలో పొడుగా, మూతిలో పొడుగా అని చూడండి. పొడవు మూతిలో ఉంటే మడ్‌గార్డు, బానెట్ పనికిరావు, తలుపు మీద మాత్రం ఆశ పెట్టుకోవచ్చు.

ఈ పంపకం పరాకాష్ఠకు చేరింది 1959లో. దాని వెనక ఒక మధ్యాహ్నం షికారు ఉంది. 1956 వేసవిలో జనరల్ మోటార్స్ డిజైనర్ చక్ జోర్డన్ కారులో వెళుతూ, క్రైస్లర్ వాళ్ల స్థలంలో కంచె అవతల నిలబెట్టిన 1957 ప్లిమత్‌లను చూశాడు. వర్జిల్ ఎక్స్‌నర్ గీసిన కార్లవి. పల్చటి టాపు, పొడవాటి రెక్కలు, నేలకు దగ్గరగా. తమ స్టూడియోలో తయారవుతున్న బొద్దు కార్లు వాటి ముందు ముసలివైపోతాయని ఆయనకు అక్కడే అర్థమైంది. వెనక్కి వెళ్లి సహచరులకు చెప్పాడు, వాళ్లూ వెళ్లి కంచె దగ్గర నిలబడి చూసి వచ్చారు. అప్పటిదాకా గీసినదంతా పక్కన పెట్టి 1959 కార్లను మళ్లీ మొదలుపెట్టారు. సమయం లేదు, అచ్చుల డబ్బు జనరల్ మోటార్స్ కింద ఉన్న అయిదు కార్ల కంపెనీలకూ విడివిడిగా పెట్టే పరిస్థితి లేదు. అందుకని షెవర్లే నుంచి క్యాడిలాక్ దాకా అన్నీ ఒకే మూల శరీరం మీదికి వచ్చాయి. ముందు తలుపుల బయటి రేకు ఆకారం బ్యూక్ కోసం గీసినదే అందరికీ దిక్కయింది.

1959 షెవర్లే, 1959 క్యాడిలాక్ ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. వెనకనుంచి చూస్తే రెండూ వేరే గ్రహాల నుంచి వచ్చినట్టుంటాయి. ఒకదానికి పక్షి రెక్కల్లా అడ్డంగా పరుచుకున్న తోక, ఇంకోదానికి రాకెట్ దీపాలు పొదిగిన నిటారు రెక్కలు. బొటనవేలితో ముందు భాగం, వెనక భాగం మూసి, తలుపును మాత్రమే చూడండి. బ్యూక్‌లో ముందు దీపాల దగ్గర మొదలైన ఏటవాలు గీత తలుపు మీదుగా సహజంగా జారుతుంది. మిగతా వాళ్లు ఆ గీత తమ మడ్‌గార్డులోంచి వచ్చినట్టు కనిపించడానికి నానా తంటాలు పడ్డారు. ఆ తంటాలో వాళ్లు చూపిన తెలివికి నేను ఇప్పటికీ టోపీ తీస్తాను. అరువు చీర కట్టుకున్నా కుట్టించుకున్న జాకెట్టుతో అదరగొట్టినట్టు.

పంచుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్ వెళ్లాలి. స్టూడ్‌బేకర్ ఊరు. వీళ్లు మనకూ తెలిసినవాళ్లే, మన హిందుస్థాన్ మోటార్స్ స్టూడ్‌బేకర్‌లను ఇక్కడ బిగించింది. 1953లో రేమండ్ లోవీ స్టూడియోలో రాబర్ట్ బర్క్ గీసిన కూపే, అంటే పొట్టి టాపున్న రెండు తలుపుల కారు, ఎంత అందమైనదంటే, అమెరికాలో తయారైన కార్లలో నాకు అంతకంటే నచ్చినది ఇంకోటి లేదు. కానీ ఆ కూపేకు, అదే పేరుతో వచ్చిన సెడాన్‌కు బయటి రేకుల్లో పొత్తు లేదు. చక్రాల మధ్య దూరం కూడా వేరు: కూపేకు 120.5 అంగుళాలు, సెడాన్‌కు 116.5. చిన్న కంపెనీ రెండు కార్ల అచ్చుల ఖర్చు నెత్తిన వేసుకుంది. పైగా నాలుగు సెడాన్లకు ఒక కూపే అమ్ముడవుతుందని లెక్క వేసుకుంటే జనం కూపేల కోసమే ఎగబడ్డారు. తలుపులు మారకం అయ్యే కార్లయితే ఈ లైను ఆపి ఆ లైనుకు రేకులు మళ్లించేవాళ్లు. ఇక్కడ గోదాములో సెడాన్ రేకులు గుట్టలుగా పడి ఉన్నాయి, కూపే కొనేవాళ్లు వాకిట్లో నిలబడి ఉన్నారు. అది చాలదన్నట్టు, కూపే ఛాసిస్ ఇంజను బరువుకు వంగి, ముందు రేకులు శరీరంతో కలవక సతాయించాయి.

దెబ్బ తిన్నాక వాళ్లు నేర్చుకున్నారు. 1959లో డబ్బు అడుగంటినప్పుడు 1953 నాటి ఆ సెడాన్ నడుమును అలాగే ఉంచి, ముందూ వెనకా కురచ చేసి లార్క్ అనే చిన్న కారు తీశారు. కంపెనీకి అది కొన్నాళ్లు ఊపిరి పోసింది. కూపే శరీరం కూడా హాక్ పేరుతో 1964 దాకా బతికింది. చివర్లో డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ టాపు మార్చి దాన్ని పడుచుదాన్ని చేశాడు. సౌత్ బెండ్ కార్ఖానా మాత్రం 1963 డిసెంబరులో మూతపడింది. స్టూడ్‌బేకర్ బాగుచేసేవాళ్లు అదృష్టవంతులు అంటాను. పదేళ్ల కార్లు ఒకే మూలం నుంచి వచ్చాయి, చుట్టాలు దొరుకుతారు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. నాకు 1958 ఎడ్సెల్ పేసర్ ఒకటి ఉండేది. అవును, ఆ ఎడ్సెలే, ఫోర్డ్ కంపెనీ తీస్తే అమెరికా అంతా నవ్వుకున్న కారు. మంచు తుఫానులో కొమ్మ విరిగి ముందు అద్దం పగిలింది. అయిదారు గంటల ప్రయాణం దూరంలో ఒక జంక్‌యార్డులో, అంటే తుక్కు కార్ల దొడ్డిలో, ఎడ్సెల్ కార్సెర్ ఉందని తెలిసి, పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని వెళ్లాను. అద్దం పగలకుండా విప్పడానికి ఒక పూట పట్టింది. దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాను. ఇంటికి వచ్చి చట్రానికి ఆనించి చూస్తే ఏ మూలా కలవలేదు. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

నేను చేసిన తప్పేమిటి? సంవత్సరం ఒకటే, పేరు ఒకటే, మూతి మీద గుర్రపు మెడపట్టీ లాంటి ఆ గ్రిల్లు ఒకటే అనుకున్నాను. కానీ 1958 ఎడ్సెల్ ఒక కారు కాదు, రెండు. చిన్నవైన రేంజర్, పేసర్ 118 అంగుళాల ఫోర్డ్ శరీరం మీద, పెద్దవైన కార్సెర్, సైటేషన్ 124 అంగుళాల మెర్క్యురీ (అదీ ఫోర్డ్ వాళ్లదే) శరీరం మీద వచ్చాయి. ఎడ్సెల్‌కు సొంత కార్ఖానా కూడా లేదు, ఫోర్డ్, మెర్క్యురీ లైన్ల మీదే బిగించేవారు. నా పేసర్ అద్దం, ఆ కార్సెర్ పక్క వరుసలో పడి ఉన్న 1958 ఫోర్డ్‌లో ఉంది. అద్దం విప్పుతూ నా స్పానర్ల పెట్టె పెట్టుకుంది ఆ ఫోర్డ్ బానెట్ మీదే. (నవ్వులు)

జంక్‌యార్డుల వాళ్లకు ఇలాంటి పొరపాట్లు జరగవు. వాళ్ల దగ్గర హాలండర్ పుస్తకం ఉంటుంది. 1934 నుంచి వస్తోంది. ఒకదానికొకటి సరిపోయే భాగాలకు కంపెనీ పేరుతో పని లేకుండా ఒకే నంబరు ఇస్తుంది. ఫోర్డ్‌ది, ఎడ్సెల్‌ది ఒకే నంబరు కింద ఉంటే ఇక వాదన లేదు. పాత ప్రతులు ఇప్పటికీ దొరుకుతాయి, దొరికితే వదలకండి. అయితే ఆ పుస్తకం రాసింది రోజువారీ మరమ్మతు చేసేవాళ్ల కోసం. బోల్టులు కలుస్తాయా, తలుపు మూసుకుంటుందా అన్నదే దానికి ముఖ్యం. మీరు ప్రదర్శనకు పెట్టే కారు బాగుచేస్తున్నారు, మీకు అంతకంటే ఎక్కువ కావాలి.

చిల్లుల సంగతే తీసుకోండి. షెవర్లేలో చవక మోడల్ 150, దాని పైన 210, ఆ పైన బెల్‌ఎయిర్. సెడాన్ తలుపు రేకు ఒకటే, దాని మీద మెరుపు పట్టీలు వేరు. ఆ పట్టీల క్లిప్పుల కోసం రేకుకు చిల్లులు ఉంటాయి. అచ్చుల వరుసలో చిల్లులు పొడిచే అచ్చు వేరని చెప్పాను కదా, ఆ ఒక్కదానిలో పొడిచే ముక్కలు మార్చితే సరి, మోడల్ మారిపోతుంది. కంపెనీకి ఎంత చవకో మీకు అంత పని. 150 తలుపును బెల్‌ఎయిర్‌కు పెడితే కొలిచి చిల్లులు వేసుకోవచ్చు. బెల్‌ఎయిర్ తలుపును 150కి పెడితే చిల్లులు పూడ్చి, వెల్డింగ్ చేసి, సాఫు చేయాలి. పుట్టీతో పూడ్చేవాళ్లున్నారు. మన వానలకు రెండేళ్లలో ఆ చిల్లులన్నీ బొడిపెలుగా పైకి తేలుతాయి. చేర్చడం తేలిక, తీసేయడం కష్టం, కాబట్టి తక్కువ చిల్లులున్న రేకునే ఎంచుకోండి.

కొన్ని చిల్లులు చట్టం పొడిచినవి. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కార్ల పక్కలకు ముందు పసుపు, వెనక ఎరుపు దీపాలో, వెలుగు తిప్పికొట్టే బిళ్లలో ఉండాలని నియమం వచ్చింది. 1967, 1968 మస్టాంగ్‌లు దాదాపు ఒకటే అనుకుని 1967 మడ్‌గార్డు తెచ్చి 1968 కారుకు బిగిస్తే, పక్క దీపానికి చోటుండదు. ఇలాంటి చిన్న గుర్తులే సంవత్సరాన్ని పట్టిస్తాయి. కమారో, ఫైర్‌బర్డ్‌లలో 1967 తలుపుకు ముందు మూల చిన్న త్రికోణపు అద్దం ఉంటుంది, 1968లో దాన్ని తీసేశారు. తలుపు గుల్ల చూసి మురిసిపోయి తెచ్చుకుంటే, లోపలి అద్దం, దాన్ని నడిపే యంత్రం అన్నీ వేరని ఇంటికొచ్చాక తెలుస్తుంది.

కంపెనీలే ఈ ఆట ఆడిన సందర్భాలు కొన్ని చెప్పి ముందుకు పోతాను. 1955 క్రైస్లర్ సి-300 ఉంది, 300 హార్స్‌పవర్ కారు. దానికి న్యూయార్కర్ హార్డ్‌టాప్ పెట్టె, ఇంపీరియల్ గ్రిల్లు, విండ్సర్ వెనక పక్కలు. సొంత రేకు అంటూ దాదాపు లేదు, అయినా ఎంత హుందాగా ఉంటుందో! 1957 డిసోటో ఫైర్‌స్వీప్ చవక డిసోటో, దాని ముందు భాగం డాడ్జ్‌ది. 1955 హడ్సన్ పేరుకు హడ్సన్, శరీరం నాష్‌ది. ఆ రెండూ కలిసి 1954లో అమెరికన్ మోటార్స్ అయ్యాయి. 1958 ప్యాకార్డ్ గురించి మాట్లాడాలంటే నాకు మనసొప్పదు. ఒకప్పుడు రాజులు ఎక్కిన కారు, స్టూడ్‌బేకర్ శరీరానికి ఫైబర్‌గ్లాస్ గుల్లలు అతికించి నాలుగు దీపాలు పెట్టుకుని వచ్చింది.

ప్యాకార్డ్ నుంచి వచ్చినవాడే డిజైనర్ రిచర్డ్ టీగ్. ఆయన అమెరికన్ మోటార్స్‌లో ఈ పంపకాన్ని ఒక పజిలుగా మార్చాడు. 1966లో దేశమంతా తిప్పి చూపించిన కావలియర్ అనే నమూనా కారులో బానెట్, డిక్కీ మూత ఒకటే రేకు. ముందు ఎడమ మడ్‌గార్డు తీసి వెనక కుడివైపు పెట్టవచ్చు. తలుపులూ అంతే, మూలకు మూల మారతాయి. అందుకోసం వెనక తలుపుల కీళ్లు వెనకవైపు ఉండేవి. అంటే ఆ కారు తనకు తానే చుట్టం. అది అమ్మకానికి రాలేదు, కానీ ఆ పొదుపు బుద్ధి ఉండిపోయింది. 1968 జావెలిన్‌ను 12 అంగుళాలు కురచ చేసి ఏఎంఎక్స్ తీశారు, తలుపులు అవే. 1970లో హార్నెట్ వెనక భాగం కోసేసి గ్రెమ్లిన్ తీశారు.

ఇంకొక్క మాట, కొంచెం చేదుగా ఉంటుంది. రెండు తలుపుల కార్లకే ధర కాబట్టి, నాలుగు తలుపుల కార్లను విప్పి వాటి మడ్‌గార్డులు, బానెట్, ముందు నేల రేకు తీసుకునే అలవాటు అమెరికాలో బాగా ఉంది. ముందు భాగం రెండింటికీ ఒకటే కాబట్టి పని జరిగిపోతుంది. నేనూ చేశాను. కానీ నడిచే కారును, ఒక కుటుంబం నలభై ఏళ్లు దాచుకున్న సెడాన్‌ను, తన అన్న అందగాడని చెప్పి కోయడం నాకు నచ్చదు. తుప్పు తిని నేలకు అంటుకుపోయిన కార్లు కావలసినన్ని ఉన్నాయి. వాటిని కోయండి. మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి రేకులు నమ్మకండి. అరిజోనా లాంటి ఎండ రాష్ట్రాల నుంచి తెప్పించుకోండి. సీట్లు ఎండి చిట్లిపోయి ఉంటాయి కానీ రేకు గట్టిగా ఉంటుంది.

ఇక మూడో వరుస. అయ్యా, మీ కింగ్స్‌వే మూతి మీద డాడ్జ్ అని ఉంది, శరీరం మాత్రం ప్లిమత్. అమెరికాలో అమ్మిన కారొనెట్ నిజమైన డాడ్జ్. దాని చక్రాల మధ్య దూరం 123.5 అంగుళాలు, మీ ప్లిమత్ శరీరానిది 118.5. అది పెద్దింటి తలుపు, మీ గుమ్మానికి పట్టదు. మీరు వెతకవలసింది డాడ్జ్ కాదు, నాలుగు తలుపుల ప్లిమత్ కేంబ్రిడ్జ్ లేదా క్రాన్‌బ్రూక్. 1951ది కాకపోయినా 1952ది చూడండి. ఆ రెండేళ్ల ప్లిమత్‌లు ఎంత ఒకటంటే, కంపెనీ ఉత్పత్తి లెక్కలు కూడా కలిపే ఇచ్చింది. పైగా డాడ్జ్ అని వెతికేవాళ్లు దాని జోలికి రారు కాబట్టి మీకు చవకగా దొరకవచ్చు.

స్టీరింగు అక్కడ ఎడమవైపు, మనకు కుడివైపు, మరి దాని సంగతేమిటని మీరు అడగబోతున్నారు. వెనక తలుపుకు స్టీరింగుతో పని లేదు, నిశ్చింతగా ఉండండి. డ్యాష్‌బోర్డు, ఇంజను వెనక గోడ, వైపర్లు నడిపే కడ్డీలు అయితే నేనూ వద్దనే అంటాను.

అమ్మేవాడికి డబ్బు పంపే ముందు నాలుగు ఫొటోలు అడగండి. తలుపు లోపలి వైపు అట్ట తీసి ఒకటి, కీళ్లు రెండూ కనిపించేలా పక్కన టేపు పెట్టి ఒకటి, కింది మడత అంచు దగ్గరగా ఒకటి, పట్టీ చిల్లులు కనిపించేలా బయటినుంచి ఒకటి. అదే టేపుతో మీ కారు కీళ్ల మధ్య దూరం కొలిచి పోల్చండి. వచ్చాక రంగు వేయకముందే వేలాడదీసి చూడండి. చుట్టూ సందు మూడు పదహారో వంతు అంగుళానికి దగ్గరగా రావాలి. మొదటిసారి రాదు. కార్ఖానాలోనే కీలు కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి, సుత్తితో బుజ్జగించి సరిచేసేవారు. ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకటి కావు. కీళ్ల బోల్టులు పూర్తిగా బిగించకండి, ఒక మనిషి తలుపు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు సందు చూడాలి. ఎత్తి పట్టుకునే మనిషి కావాలంటే నేను వచ్చే నెల దాకా ఈ ఊళ్లోనే ఉంటాను.